ఆకాశం తేటపడింది సరే, ఆ వాలు కింద ఏముందో చూశారా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు ముగ్గురు స్నేహితులు, వెంట ఒక సీనియర్ అన్నయ్య వస్తున్నారు. మీరు ముగ్గురూ బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సు పూర్తి చేశారు, వేసవిలో రెండు మంచు శిఖరాలు ఎక్కారు. మొదటిసారి నడిచలికాలంలో ఎక్కాలనుకుంటున్నారు. అక్కడ మూడు రోజులు ఆగకుండా మంచు పడింది, గాలి కూడా గట్టిగా వీచింది. అది ఆగి అయిదు రోజులైంది. ఇప్పుడు ఆకాశం నిర్మలంగా ఉంది, వచ్చే నాలుగు రోజులూ ఎండే అంటున్నారు. అవలాంచ్ బులెటిన్, అంటే వాలు మీది మంచు తెగి జారే ప్రమాదాన్ని అయిదు స్థాయిల్లో చెప్పే ప్రకటన, మాత్రం 3వ స్థాయి చూపిస్తోంది. శిఖరానికి కాస్త కింద 35 నుంచి 40 డిగ్రీల వాలు ఉంది, దాని మీద 200 మీటర్ల ఎత్తు ఎక్కాలి. "మంచు పడి అయిదు రోజులైంది కదా, ఈపాటికి కుదురుకుని ఉంటుంది, వెళ్లొచ్చా?" అని అడిగారు.

ఆ వాలు మీదికి వెళ్లొద్దు. కొండకే వెళ్లొద్దని నేను అనడం లేదు, ఆ 200 మీటర్లు ఒక్కటి వదిలేయండి. ఇరవై ఏళ్లుగా చలికాలంలో మంచు కొండలు ఎక్కుతున్నాను, అందులో చాలా ఏళ్లు ఇతరుల్ని వెంటబెట్టుకుని వెళ్లాను. ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఎక్కువగా మీలాగే జాగ్రత్త గలవాళ్లు. వాతావరణం చూస్తారు, సామాను సరిచూసుకుంటారు. అయినా ఒక్క చోట లెక్క తప్పుతుంది. ఆకాశాన్ని చూసి మంచు సంగతి తేల్చేస్తారు.

"అయిదు రోజుల్లో కుదురుకుంటుంది" అనే మాటలో సగం నిజం ఉంది. కొత్తగా పడిన మంచు రెండు మూడు రోజుల్లో తన బరువుకు తనే అణిగి, రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడుతుంది. ఆ కొత్త పొర వరకే అయితే మీ ఆలోచన చాలావరకు సరైనదే. కానీ ఆ కొత్త పొర దేని మీద కూర్చుంది? మీరు అడగాల్సింది అది.

మనుషుల్ని చంపే అవలాంచ్‌లలో ఎక్కువ భాగం స్లాబ్ అవలాంచ్‌లే. ఇంటికి వేసే స్లాబ్‌నే ఊహించుకోండి. పైన గట్టిగా, ఒకే ముక్కగా అతుక్కున్న మంచు పలక. దాని కింద బలం లేని సన్నని పొర, ఒక్కోసారి ఒక సెంటీమీటర్ మందం కూడా ఉండదు. ఆ పొర ఒక చోట కూలితే పగులు వాలంతా పాకుతుంది, పలక మొత్తం ఒకేసారి జారుతుంది. మీరు పలక అంచున ఉండరు, నడిమధ్యలో ఉంటారు. పగులు మీకన్నా ఎగువన పుడుతుంది, నిలబడిన నేలే కదిలిపోతుంది. 30 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు, అర మీటరు మందం ఉన్న చిన్న పలకను తీసుకోండి. ఘనపు మీటరుకు 200 కిలోలు లెక్కేసినా 60 టన్నులు. కొండ మీద అది చూడ్డానికి ఏమంత పెద్దగా అనిపించదు.

ఆ బలహీన పొర ఎలా తయారవుతుందో తెలిస్తే, మీ ఎండ రోజుల మీద మీకున్న ధీమా కొంత తగ్గుతుంది. మంచు కింద నేల దాదాపు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. మబ్బుల్లేని చలికాలపు రాత్రి పైభాగం మైనస్ 20కి పడిపోవచ్చు. మంచు మందం అర మీటరే అయితే, ప్రతి 10 సెంటీమీటర్లకు 4 డిగ్రీల తేడా. 1 డిగ్రీ దాటితే చాలు, కింది నుంచి నీటి ఆవిరి పైకి పాకుతూ రేణువుల్ని మార్చేస్తుంది. గుండ్రంగా అతుక్కుని ఉండాల్సినవి కోణాలు తేలి, విడివిడిగా, పంచదార పలుకుల్లా తయారవుతాయి. మంచు పల్చగా ఉన్నప్పుడు ఈ పని ఇంకా వేగంగా జరుగుతుంది. సీజన్ మొదట్లో కొంచెం మంచు పడి, ఆ తర్వాత వారాల తరబడి చలి, తేటైన ఆకాశం, దాని మీద ఒక్కసారిగా పెద్ద మంచు. అన్నిటికన్నా నన్ను భయపెట్టే వరుస ఇది. ఈ పంచదార పొర రోజుల్లో నయమయ్యేది కాదు. వారాలు, ఒక్కోసారి నెలలు అలాగే ఉంటుంది. నివురు గప్పిన నిప్పు అంటారే, అచ్చం అలా. పైకి తెల్లగా, నున్నగా, ప్రశాంతంగా కనిపిస్తుంది.

నా సంగతే ఒకటి చెబుతాను. మంచు కొండలకు తిరగడం మొదలుపెట్టిన నాలుగో ఏడు. పెద్ద మంచు పడి పది రోజులు దాటింది. నలుగురం వరసగా నడుస్తున్నాం, ఇంకా అసలు వాలు మొదలు కాలేదు, దాని పాదం దగ్గర దాదాపు చదునుగా ఉన్న చోట ఉన్నాం. కాళ్ల కింద 'దబ్' అని ఒక బోలు చప్పుడు వచ్చింది, గదిలో పెద్ద పరుపు ఎవరో పడేసినట్టు. నేల ఒక అంగుళం దిగింది. ఆ దిగడం మోకాళ్లకు తెలిసింది. ఏమిటని తల తిప్పేలోగా, ముందున్న మనిషి బూటు దగ్గర నుంచి సన్నటి గీత ఒకటి పుట్టి, చూస్తుండగానే వాలు మీదికి పరుగెత్తింది. మాకు 60, 70 మీటర్ల పైన వాలు అడ్డంగా చీలి కదిలింది. మా అదృష్టం, అది మాకు ఎడమ పక్కన ఉన్న పల్లంలోకి దిగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

తర్వాత ఆ అంచు పక్కన పారతో గుంట తవ్వి చూశాను. పైన 60 సెంటీమీటర్ల పలక, పారతో కొడితే ముక్కలుగా వచ్చేంత గట్టి. దాని కింద నేల దాకా బూడిదరంగు రేణువులు. గ్లవ్ మీద పోసుకుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోయాయి, పిడికిలి బిగించినా ముద్ద కాలేదు. పది రోజుల ఎండ ఆ పొరను ఏమీ చేయలేదు. పైన పలక గట్టిపడటానికి మాత్రం సాయం చేసింది. వాలు మీద కాలు పెట్టకుండానే, కింద చదును మీద నడిచి దాన్ని తెంచగలమని నాకు ఆ రోజే అర్థమైంది. ఇలాంటి పొర ఉన్నప్పుడు వాలు కింద నుంచి వెళ్లడం కూడా వాలు మీద వెళ్లడమే.

ఇంకొక విషయం. ఎక్కేవాళ్లకి రాళ్లు కనిపిస్తే ధైర్యం వస్తుంది. "రాళ్ల పక్క నుంచి వెళ్దాం, అక్కడ మంచు పట్టుకుని ఉంటుంది" అనుకుంటాం. నిజానికి రాళ్ల చుట్టూ మంచు పల్చగా ఉంటుంది, పంచదార పొర అక్కడే బాగా ముదురుతుంది, మన బరువు దాన్ని తేలిగ్గా చేరుతుంది. మందంగా ఉన్న చోట అయిదుగురు నడిచినా ఏమీ కాకుండా, ఆరో మనిషి రాతి పక్కన అడుగేసినప్పుడు మొత్తం జారిన సందర్భాలున్నాయి. కాబట్టి "నిన్న వేరే టీం ఎక్కింది, అడుగులు కనిపిస్తున్నాయి" అన్నదాన్ని రుజువుగా పట్టుకోకండి. వాళ్లు ఆ పొరను తాకలేదు, అంతే.

ఇక వాలు కోణం. ఇంత చెప్పింది దీని కోసమే. మంచు లోపల ఏముందో మనకు పూర్తిగా ఎప్పటికీ తెలియదు. గుంట తవ్వితే ఆ గుంటలో సంగతి తెలుస్తుంది, పది మీటర్ల అవతల ఇంకోలా ఉండొచ్చు. కానీ కోణం కొలవొచ్చు, నమ్మొచ్చు, ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. స్లాబ్‌లు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య తెగుతాయి, 38 చుట్టుపక్కల అన్నిటికన్నా ఎక్కువ. మీరు చెప్పిన 35–40 డిగ్రీల వాలు సరిగ్గా ఆ నడిమధ్యలో ఉంది. 30కి తక్కువైతే తెగడం అరుదు. అయితే మీరు నిలబడిన చోటు 20 డిగ్రీలే అయినా, పైన 38 డిగ్రీల వాలు వేలాడుతుంటే ఆ 20కి అర్థం లేదు. పై నుంచి వచ్చేది చదును మీద కూడా చాలా దూరం పారుతుంది.

కొలవడం కష్టమేం కాదు. 1:25,000 మ్యాప్‌లో 20 మీటర్ల కాంటూర్ గీతల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) మధ్య దూరం 1.4 మిల్లీమీటర్లు ఉంటే అది 30 డిగ్రీలు. గీతలు అంతకన్నా దగ్గరపడితే వాలు అంతకన్నా నిటారు. కానీ మ్యాప్ చిన్న చిన్న నిటారు ముక్కల్ని మింగేస్తుంది, అందుకే అక్కడికెళ్లాక మళ్లీ కొలవాలి. కొన్ని దిక్సూచుల్లో వాలు కొలిచే ముల్లు ఉంటుంది. అదీ లేకపోతే ఒకే పొడవున్న రెండు ట్రెక్కింగ్ పోల్స్ చాలు. ఒకదాని కొసను వాలుకు ఆనించి, అటూ ఇటూ వంగకుండా నీటిమట్టంలా అడ్డంగా పట్టుకోండి. దాని రెండో కొస నుంచి ఇంకోదాన్ని నిలువుగా కిందికి వదలండి. నిలువు పోల్ సరిగ్గా సగం పొడవు దగ్గర మంచును తాకితే వాలు 27 డిగ్రీలు. సగం దాటిందంటే ఇక ఆలోచించాల్సిన చోటికి వచ్చారన్నమాట. కంటి అంచనా మాత్రం నమ్మకండి. నేను ఇన్నేళ్లు తిరిగినా అయిదు డిగ్రీలు అటూ ఇటూ తప్పుతుంటాను.

3వ స్థాయి గురించి మీరు రాసిన "అయిదులో మూడే కదా, మధ్యస్థం" అన్న మాట నన్ను కలవరపెట్టింది. ఆ అంకెలు మెట్లలా సమానంగా పెరగవు. ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి ప్రమాదం రెట్టింపో, అంతకన్నా ఎక్కువో పెరుగుతుంది. 3 అంటే అర్థం, నిటారు వాలు మీద ఒక్క మనిషి బరువుకే పలక తెగే అవకాశం గట్టిగా ఉందని. 4, 5 ఉన్న రోజుల్లో జనం ఎలాగూ కదలరు. 3 ఉన్న రోజున ఆకాశం నీలంగా ఉంటుంది, సెలవు దొరికి ఉంటుంది, వెళ్లిపోతారు. ఐరోపాలో అవలాంచ్ మరణాల్లో పెద్ద వాటా 3వ స్థాయి రోజుల్లోనిదే కావడానికి కారణం ఇది. ఇంకో సంగతి, మనుషులు చిక్కుకుని చనిపోయిన అవలాంచ్‌లలో పదింట తొమ్మిది ఆ మనిషో, అతని జట్టులోని వాళ్లో తెంచుకున్నవే. కొండ ఎక్కడి నుంచో వచ్చి మీద పడటం తక్కువ. మనమే వెళ్లి తీగ లాగుతాం.

బులెటిన్‌లో అంకె ఒక్కటే చూసి మూసేయకండి. ఏ దిక్కు వాలులు, ఏ ఎత్తు పైన, ఏ రకం సమస్య అని కింద రాసి ఉంటుంది. అక్కడ 'పాత మంచులో బలహీన పొర' అనే మాట ఉంటే నా లెక్కలో ఆ రోజు 30 డిగ్రీల పైన పని లేదు. 'గాలి పేర్చిన మంచు' అని ఉంటే రిడ్జ్‌కు, అంటే కొండ వెన్నుకు, ఏ వైపు నుంచి గాలి వీచిందో చూసుకోవాలి. గాలి ఒక వైపు నుంచి మంచు ఎత్తుకెళ్లి అవతలి వైపు పోస్తుంది. చుక్క మంచు పడకుండానే ఒక్క రాత్రిలో అక్కడ పలక తయారవుతుంది. మీ మూడు రోజుల గాలి ఆ పని చేసే ఉంటుంది. రిడ్జ్ మీద గాలివాటుగా బయటికి పెరిగిన మంచు చూరు, కార్నిస్ అంటామే, అది కనిపిస్తే దాని కింది వాలులో బరువు పేరుకుందని గుర్తు. రిడ్జ్ మీద నడిచేటప్పుడు కూడా దానికి బాగా దూరంగా ఉండండి. అది తెగినప్పుడు మనం అనుకున్న చోట కాదు, ఇంకా లోపలికి తెగుతుంది.

కొండ ఎక్కేవాళ్లకి స్కీయింగ్ చేసేవాళ్లకన్నా కొన్ని ఇబ్బందులు ఎక్కువ, వీటి గురించి తక్కువమంది మాట్లాడతారు. స్కీ మీద దిగేవాడు వాలు మీద ఒక నిమిషం ఉంటాడు, మనం రెండు గంటలు ఉంటాం. మనం ఎంచుకునే దారులు కూడా ఇరుకు మంచు లోయలు, అంటే పైనున్న మంచంతా సహజంగా జారి వచ్చే కాలువలే. పైన బండ, కింద పగులు ఉన్న చోట మోకాలి లోతు చిన్న జారుడు చాలు, పూడ్చిపెట్టకపోయినా పడేస్తుంది. కెనడా మరణాల మీద జరిగిన అధ్యయనంలో సుమారు నాలుగో వంతు మంది పోయింది దెబ్బల వల్లే. గడ్డకట్టిన జలపాతాలు ఎక్కేవాళ్లు ఐస్ ఎంత గట్టిగా ఉందో చూస్తారు, దాని పైన కనిపించని పళ్లెం లాంటి మంచు మైదానాన్ని మర్చిపోతారు. మీరు నీడలో వణుకుతూ ఉండగా పైన ఎండ పడి అది వదులవుతూ ఉండొచ్చు. ఐస్ విషయం కూడా ఒక్క మాట. మైనస్ 5 చుట్టుపక్కల ఐస్ మెత్తగా పట్టు ఇస్తుంది. మైనస్ 15 దాటితే పెళుసెక్కి పళ్లేల్లా ఊడుతుంది. రాత్రికి రాత్రి ఉష్ణోగ్రత బాగా పడిపోతే, కిందికి వేలాడే ఐస్ స్తంభాల జోలికి పోకండి, అవి లోపల బిగుసుకుపోయి ఉంటాయి.

చలి సంగతి క్లుప్తంగా చెబుతాను, మీరు కోర్సులో విన్నదే. మైనస్ 10 దగ్గర 40 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 21లా తగులుతుంది. వేళ్లు మొద్దుబారితే క్రాంపాన్ (బూటు కింద కట్టుకునే ఇనుప ముళ్లు) పట్టీ సరిచేయడం కూడా పెద్ద పనే. పగలు పొట్టి. వేసవిలో ఎనిమిది గంటలు పట్టిన దారి ఇప్పుడు పన్నెండు పట్టొచ్చు. ఆలస్యమైనప్పుడే మనుషులు దగ్గరి దారి అంటూ నిటారు వాలు మీదికి మళ్లుతారు. చలి స్వయంగా చంపడం కన్నా, మనతో తప్పు నిర్ణయం చేయించడం నేను ఎక్కువ చూశాను.

బీకన్ (ఒంటికి కట్టుకుంటే సంకేతం పంపే, ఇతరుల సంకేతాన్ని వెతికే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ), పార నలుగురికీ ఉన్నాయా అని మీ పోస్టులో వెతికాను, ఆ మాట లేదు. నలుగురిలో ఒక్కరికి లేకపోయినా ఎవరికీ లేనట్టే. ఒకరి దగ్గర బీకన్ లేకపోతే ఆయన్ని వెతకలేరు, పార లేకపోతే దొరికినా తీయలేరు. జారి ఆగిన మంచు మనం ఊహించుకునే పొడి మంచు కాదు, సిమెంటులా బిగుసుకుంటుంది, చేతులతో గీరినా రాదు. స్విట్జర్లాండ్‌లో 1981 నుంచి 2020 దాకా జరిగిన ప్రమాదాల మీద 2024లో వచ్చిన అధ్యయనం చూడండి. పూడుకుపోయినవాళ్లలో పది నిమిషాల లోపు బయటికి తీసినవాళ్లు పదిమందిలో తొమ్మిదిమంది బతికారు. అరగంట అయ్యేసరికి ఆ లెక్క ముగ్గురికి పడిపోయింది. పాత లెక్కల్లో పావుగంట అనేవాళ్లం, ఇప్పుడు అది పది నిమిషాలైంది. హెలికాప్టర్ ఆ లోపు రాదు. ఒకరు కింద ఉంటే పైన మిగిలింది ముగ్గురే. ఒక మీటరు లోతులో ఉన్న మనిషి కోసం ఆ ముగ్గురూ ఒక టన్ను పైనే మంచు తోడాలి.

బీకన్ కొనడం సులువు, వాడటం అలవాటు కావాలి. మీలో ఒకరు దాన్ని పాతిపెట్టండి, మిగతా ముగ్గురు వెతికి, ప్రోబ్ దింపి, తవ్వి తీయండి. గడియారం పెట్టి చేయండి. మొదటిసారి ఇరవై నిమిషాలు పడితే కంగారు పడొద్దు, అందరికీ అంతే. పదికి తగ్గేదాకా చేయండి. బీకన్ పంపే మోడ్‌లో ఉన్నప్పుడు ఫోన్ దానికి 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరంగా ఉండాలి. ప్రోబ్ తగిలాక మనిషికి నేరుగా పైన నిలబడి తవ్వకండి, వాలుకు కింది వైపు నుంచి లోపలికి తవ్వుకుంటూ వెళ్లండి. ఊపిరికి మిగిలిన ఆ కాస్త ఖాళీని మన కాళ్లే నొక్కేయొచ్చు.

మీ పోస్టులో చివరి వాక్యం "మాతో వస్తున్న సీనియర్ అన్నయ్య చాలా ఎక్కారు, ఆయన ఉంటే టెన్షన్ లేదు" అని ఉంది. ఆయన మీద గౌరవంతోనే చెబుతున్నాను. 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డాండా-2 శిఖరం మీద శిక్షణ బృందం ఒకటి అవలాంచ్‌లో చిక్కుకుంది. 27 మంది చనిపోయారు, ఇద్దరి ఆచూకీ దొరకలేదు. చాలామంది కింద ఉన్న మంచు పగులులోకి కొట్టుకుపోయారు. పోయినవాళ్లలో శిక్షకురాలు సవితా కన్స్వాల్ ఉన్నారు. అదే ఏడాది మే నెలలో 16 రోజుల వ్యవధిలో ఎవరెస్ట్, మకాలు రెండూ ఎక్కిన మనిషి. ఆ వార్త విన్న రోజు నాకు అన్నం సహించలేదు. అంతటి అనుభవాన్ని కూడా ఒక పొర లెక్కచేయలేదు. అనుభవం ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు ఉంది, నాకూ ఉంది. వంద వాలులు ఏమీ కాకుండా దాటితే, అవన్నీ మన తెలివి వల్లే దాటామనిపిస్తుంది. వాటిలో ఎన్ని అదృష్టం వల్ల దాటామో మంచు మనకు చెప్పదు.

అందుకని మీ అన్నయ్యగారిని బయల్దేరే ముందు రోజు ఇలా అడగండి: "ఏం కనిపిస్తే మనం వెనక్కి తిరుగుతాం?" ఆయన చెప్పింది కాగితం మీద రాయండి. కొత్తగా జారిన అవలాంచ్ కనిపించినా, కాళ్ల కింద ఆ దబ్ చప్పుడు వచ్చినా, బూటు నుంచి పగులు పాకినా, ఎండకు మంచు బంతులు దొర్లుతున్నా వెనక్కే. ఇందులో ఏ ఒక్కటైనా చాలు, రెండో దాని కోసం ఆగొద్దు. నలుగురిలో ఎవరు వద్దన్నా, కారణం చెప్పలేకపోయినా, ఆ మాటకు విలువ ఉండాలి. కొత్తవాళ్లు లోపల భయపడుతూ పెద్దవాళ్ల ముందు నోరు విప్పకపోవడం చాలాసార్లు చూశాను.

ఈ నాలుగు రోజులు వృథా చేసుకోమని కాదు. అదే ప్రాంతంలో 25 డిగ్రీలు దాటని, పైన నిటారు వాలులు లేని రిడ్జ్ ఏదైనా మ్యాప్‌లో వెతకండి. దాని మీద క్రాంపాన్‌తో నడవండి, టెంట్ వేసి ఒక రాత్రి మైనస్ 15లో పడుకోండి, ఒక గుంట తవ్వి పొరలు చూడండి. గోడను వేళ్లతో పైనుంచి కిందికి నొక్కుకుంటూ రండి. పిడికిలి దిగేంత మెత్తటి పొర, దాని మీద ఒక వేలు కూడా దిగనంత గట్టి పొర తగిలితే, నేను పైన చెప్పింది మీ చేతికే తెలుస్తుంది. ఆ శిఖరానికి వసంతంలో వెళ్లండి. అప్పటికి మంచు పగలు కరిగి రాత్రి గడ్డకట్టి, లోపలి దాకా ఒకే ముద్దగా మారుతుంది. రాత్రి గట్టిగా గడ్డకట్టిందని చూసుకుని, తెల్లవారుజామున రెండింటికి బయల్దేరి, ఎండ వాలును మెత్తబరచకముందే దిగిపోవాలి. బూటు చీలమండ దాకా దిగబడుతోందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

మీరు వెళ్లాలనుకున్న దారిని, ఆ రిడ్జ్‌ను మ్యాప్ మీద గీసి, వాలు ఏ దిక్కుకు ఉందో రాసి పంపండి. నిటారు ముక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో నేను కూడా కొలిచి చెబుతాను.